తండా బడిలో వర్షారణ్యం పాఠం

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు నాకు ఇచ్చిన అంశం ‘ప్రాథమిక తరగతుల్లో సైన్సు బోధన’. అది చాలా పెద్ద అంశం. నాకు ఇచ్చిన ఇరవై నిమిషాల్లో దానికి న్యాయం చేయలేను. అందుకని ఒకే ఒక్క పాఠం గురించి చెబుతాను. ఉష్ణమండల వర్షారణ్యాలు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల బడుల్లో ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు చెబుతూ వస్తున్న పాఠం ఇది. చెప్పిన ప్రతిసారీ పిల్లలే నాకు ఏదో ఒకటి కొత్తగా చూపించారు.

మీలో చాలామంది ఈ రోజు పొద్దున కామారెడ్డిలో రైలో బస్సో దిగి, లింగంపేట మీదుగా ఇక్కడికి వచ్చి ఉంటారు. దారిలో అడవి కనిపించిందా? కనిపించే ఉంటుంది. కానీ ‘అడవి’ అనుకున్నారా, ‘చెట్లు’ అనుకున్నారా? నా తరగతిలో పిల్లలను ఇదే అడిగితే వచ్చే జవాబు ఒకటే. పుస్తకంలో బొమ్మ చూపించి, “గిది అడవి సార్. మనకాడ ఉన్నది ఉత్త చెట్లే” అంటారు. బొమ్మలో ఏముంటుంది? పచ్చగా, చీకటిగా, తీగలు వేలాడుతూ, రంగురంగుల చిలుకలతో అమెజాన్. ఆ పిల్లల ఇంటి వెనక ఏముంది? టేకు, మద్ది, తునికి, మొర్రి, మోదుగు. పోచారం అభయారణ్యం అంచు. అందులో దుప్పులు, మనుబోతులు, ఎలుగుబంట్లు, చిరుతలు. 1952లోనే అభయారణ్యంగా ప్రకటించిన అడవి అది, అంతకుముందు నిజాం వేటాడిన అడవి. దాని పక్కనే పుట్టి పెరిగిన పిల్ల ‘మా దగ్గర అడవి లేదు’ అంటోంది. వర్షారణ్యం పాఠంలో నేను మొదట సరిచేయాల్సింది ఇదే అనిపించింది. దూరపు అడవిని చెప్పబోయి ఇంటి అడవిని పిల్లల కళ్లలో చిన్నది చేస్తే ఆ పాఠం వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ.

ముందు పేరు సంగతి చూద్దాం. ‘ఉష్ణమండల’ అనే మాట పిల్లల నోట తిరగదు, అర్థమూ కాదు. నేను గ్లోబు మీద మధ్యన ఒక దారం, దానికి పైన ఒకటి, కింద ఒకటి కడతాను. భూమధ్యరేఖ, కర్కటరేఖ, మకరరేఖ. ఈ పైదారానికీ కిందిదారానికీ మధ్యలో ఉన్నదంతా ఉష్ణమండలమే. ఎల్లారెడ్డి ఎక్కడుందో చూడమంటాను. 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర వేలు పెడతారు. “సార్, మనం గూడ లోపల్నే ఉన్నం!” అంటారు. అవును. మనదీ ఉష్ణమండల అడవే, అమెజానూ ఉష్ణమండల అడవే. రెండూ ఒక ఇంటి అన్నదమ్ముల్లాంటివి. మరి ఒకటి ఏడాదంతా పచ్చగా ఉంటుంది, ఇంకొకటి వేసవిలో మోడు అవుతుంది. ఎందుకు? ఇక్కడి నుంచి పాఠం మొదలవుతుంది.

మొదటి పని వాన కొలవడం. సెంటీమీటర్లు అంటే పిల్లలకు స్కేలు మీది గీతలే. అందుకని దారాలు కత్తిరిస్తాం. కామారెడ్డి జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన సుమారు 100 సెంటీమీటర్లు. అంటే ఒక మీటరు దారం. దాన్ని గోడకు అతికిస్తే రెండో తరగతి పిల్ల భుజం దాకా వస్తుంది. వర్షారణ్యానికి కావలసింది కనీసం రెండు మీటర్లు. ఆ దారం చివర అంటించడానికి నేనే స్టూలు ఎక్కాలి. కర్ణాటకలో పడమటి కనుమల మీదున్న ఆగుంబెలో ఏడు మీటర్లకు పైగా పడుతుంది. ఆ దారాన్ని గోడ మీద నిలబెట్టలేం, వరండా పొడుగునా పరుస్తాం.

ఒక ఏడాది ఇలా అంటిస్తుంటే నాలుగో తరగతి పిల్లవాడు లేచి, “సార్, దుబాయిది ఎంత?” అన్నాడు. వాళ్ల నాన్న అక్కడ పని చేస్తాడు. మన జిల్లాలో గల్ఫ్‌కు మనిషి పోని ఊరు వెతికితే దొరకదు, మీకు తెలియంది కాదు. దుబాయిలో ఏడాది వాన మామూలుగా పది సెంటీమీటర్లు కూడా దాటదు. జానెడు కంటే చిన్న దారం. పిల్లవాడు ఆ ముక్కను మన మీటరు దారం పక్కన తనే అంటించి చాలాసేపు చూశాడు. “మా నాయిన వీడియోల చూపిస్తే అంత ఇసుకనే ఉంటది సార్” అన్నాడు. అప్పటి నుంచి నా పాఠంలో మూడు అడవుల బదులు మూడు చోట్లు ఉంటాయి. ఒక కొసన దుబాయి, ఇంకో కొసన అమెజాన్, నడుమ ఎల్లారెడ్డి. ఆ వరుస నాకు ఏ శిక్షణ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు.

అయితే వాన ఎంత పడిందన్నది సగం సంగతే. 2025 ఆగస్టు చివర మన జిల్లాలో పడిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. ఏడాది దారంలో మూడో వంతు కంటే ఎక్కువ ఒక్క రోజులో పడింది. బడి తెరిచాక పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, “సార్, మనది ఇగ వర్షారణ్యం అయితదా?” మంచి ప్రశ్న. దీనికి జవాబు కోసం పన్నెండు గళ్ల పట్టీ గీస్తాం, నెలకో గడి. వాన పడే నెలకు నీలం రంగు, పడని నెలకు ఖాళీ. మన పట్టీలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముదురు నీలం, అక్టోబరు లేత నీలం, తర్వాత దాదాపు అంతా తెలుపు. భూమధ్యరేఖ దగ్గరి వర్షారణ్యం పట్టీలో పన్నెండు గళ్లూ నీలమే, కొన్ని ముదురు, కొన్ని లేత. పిల్లలు రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి చూసి వాళ్లే చెబుతారు: “ఒక్కదినం దంచికొడితే గాదు సార్, ఏడాదంత పడాలె.” దీనికి మించి నేను చెప్పేదేమీ ఉండదు.

రెండో పని ఆకు చూడడం. బడి ముందున్న రావి ఆకు ఒకటి, టేకు ఆకు ఒకటి తెమ్మంటాను. రెండింటి మీదా చెంబుతో నీళ్లు పోస్తాం. రావి ఆకు కొసకు తోక ఉంటుంది కదా, నీళ్లన్నీ ఆ తోక వెంట బొట్టుబొట్టుగా జారిపోతాయి. టేకు ఆకు గరుకు, నీళ్లు అక్కడక్కడా నిలుస్తాయి. రోజూ వాన పడేచోట ఆకు మీద నీళ్లు నిలిస్తే నాచు పడుతుంది, బూజు పడుతుంది. అందుకే వర్షారణ్యంలో చాలా చెట్ల ఆకులకు ఈ తోక ఉంటుంది, ఆకు నున్నగా ఉంటుంది. అమెజాన్ ఆకును తెచ్చి చూపించలేను. దాని గుణం మాత్రం రావి ఆకులోనే కనిపిస్తుంది.

మూడో పని పిల్లలకు అన్నింటికంటే ఇష్టం. వర్షారణ్యంలో చెట్లు అంతస్తులుగా ఉంటాయని పుస్తకంలో ఉంటుంది. అన్నింటికంటే పైకి తల ఎత్తిన పెద్ద చెట్లు, కొన్ని అరవై మీటర్ల దాకా. దాని కింద ముప్పై నలభై మీటర్ల ఎత్తున కొమ్మలు కలిసిపోయిన పందిరి. దాని కింద చిన్న చెట్లు, పొదలు. అడుగున నేల. బొమ్మ గీయమంటే గీస్తారు కానీ ఆ చీకటి అర్థం కాదు. అందుకని అమ్మల పాత చీరలు మూడు తెమ్మంటాను. బడి ఆవరణలో రెండు వేపచెట్ల మధ్య ఒకదాని కింద ఒకటి కడతాం. పిల్లలంతా అడుగున కూర్చుంటారు. మధ్యాహ్నం పూట కూడా చల్లగా, మసకగా ఉంటుంది. నిజమైన వర్షారణ్యంలో పైన పడే వెలుతురులో నేల దాకా వచ్చేది నూటికి ఒకటి రెండు వంతులే. ఆ చీరల కింద ఒక డబ్బాలో పెసర్లు, బయట ఎండలో ఒక డబ్బాలో పెసర్లు నాటుతాం. వారం తర్వాత చూస్తే చీరల కింది మొలకలు పాలిపోయి, వెలుతురు వెతుక్కుంటూ సన్నగా సాగిపోయి ఉంటాయి. వర్షారణ్యంలో తీగలు పెద్ద చెట్లను పట్టుకుని ఎందుకు పైకి పాకుతాయో ఆ డబ్బా చూపించి అడిగితే మూడో తరగతి పిల్ల కూడా చెబుతుంది.

పందిరిలో ఎవరుంటారన్నది తర్వాతి ముచ్చట. పడమటి కనుమల్లో సింహవాలం కోతి ఉంది. బతుకంతా చెట్ల మీదే, నేల మీదికి దిగడం అరుదు. అది ఉన్న కేరళలోని సైలెంట్ వ్యాలీలో జలవిద్యుత్తు ఆనకట్ట కడదామనుకుంటే దేశమంతటా జనం వద్దన్నారు. చివరికి ఆ ఆలోచన మానుకుని 1984లో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. ఈ సంగతి చెబుతుంటే ఒక పిల్ల, “మరి మన కోతులు అన్నం గిన్నె దాకా వస్తయి గద సార్” అంది. మధ్యాహ్న భోజనం వేళ కర్ర పట్టుకుని కాపలా కాసే పిల్లలు వాళ్లు. చెట్టు మీద తినడానికి పండు లేనప్పుడు కోతి ఎక్కడికి వస్తుందో ఆ పిల్లలకు నేను చెప్పాల్సిన పని లేదు.

నాలుగోది చెట్టు చెమట. పొద్దున ప్రార్థన అయ్యాక కానుగ కొమ్మకు ఆకులతో సహా ఒక పాలిథిన్ సంచి కట్టేస్తాం. భోజనం గంట కొట్టేసరికి సంచి లోపల నీటి బొట్లు. ఒక్క కొమ్మ ఇంత వదిలితే, కోట్ల చెట్లు ఎంత వదులుతాయి? ఆ ఆవిరే మబ్బై మళ్లీ అక్కడే కురుస్తుంది. అమెజాన్ తన వానలో సుమారు సగాన్ని ఇలా తనే తయారుచేసుకుంటుందని బ్రెజిల్ శాస్త్రవేత్త ఏనియాస్ సలాతి 1970లలో తేల్చారు. అంటే అక్కడ చెట్టు పోతే నీడ మాత్రమే కాదు, వాన కూడా పోతుంది. ఇక్కడ తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. అమెజాన్ ప్రపంచానికి 20 శాతం ఆక్సిజన్ ఇస్తుందని క్విజ్ పుస్తకాల్లో ఉంటుంది. అది సరికాదు. ఆ అడవి ఎంత ఆక్సిజన్ వదులుతుందో దాదాపు అంతా దాని ఊపిరికి, కుళ్లే ఆకులకే ఖర్చయిపోతుంది. దాని గొప్పదనం వానలో ఉంది, చెట్లలో దాచుకున్న కార్బన్‌లో ఉంది, భూమి మీది జీవజాతుల్లో సగానికి పైగా వర్షారణ్యాల్లోనే ఉండడంలో ఉంది. పిల్లలకు సంచిలో కనిపించిన నీటి బొట్టు చాలు, కనిపించని ఊపిరితిత్తులు అక్కర్లేదు.

అదే సంచిని ఏప్రిల్‌లో ఆకు రాలిన టేకు కొమ్మకు కట్టాం. మధ్యాహ్నానికి సంచి పొడిగానే ఉంది. ఒక పిల్ల, “చెట్టు చచ్చిపోయింది సార్” అంది. గోరుతో కొమ్మ బెరడు కొద్దిగా గీకమన్నాను. లోపల ఆకుపచ్చ. ఇంకో కొమ్మ గీకింది, అక్కడా పచ్చే. నీళ్లు దొరకని నెలల్లో చెమట పట్టకుండా చెట్టు ఆకులు వదిలేసుకుంది, అంతే. మోదుగు అయితే ఆ మోడు కొమ్మల మీదే ఎర్రగా పూస్తుంది, కాముని పున్నమికి మనం రంగు చేసుకునేది ఆ పువ్వుతోనే. నెలల తరబడి వాన లేకుండా బతకడం అమెజాన్ చెట్టుకు రాదు. మన టేకుకు, మోదుగుకు వచ్చు. ఈ మాట అన్నప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించే వెలుగు కోసమే నేను ఏటా ఈ పాఠం చెబుతానేమో.

ఎండిన అడవి చచ్చిన అడవి కాదని పిల్లలకు తెలియడంలో ఇంకో లాభం ఉంది. వేసవిలో ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు. తునికి చిగురు బాగా వస్తుందని కూడా పెడతారు. బీడీలు చుట్టే ఇళ్ల పిల్లలు వీళ్లు, తునికాకు వాళ్ల ఇంటి బియ్యం. నిప్పు పెట్టడం తప్పని బోర్డు మీద రాయను. “ఊడిస్తే సరిపోదా?” అని అడుగుతాను. “మా అవ్వ ఊడుస్తది సార్, మామ కాలవెడతడు” అని ఒకరు, “కాలిస్తే చిన్న మొక్కలు గూడ పోతయి” అని ఇంకొకరు. వాదన వాళ్ల మధ్యే జరుగుతుంది, సాయంత్రం ఇంటికీ పోతుంది.

ఇక ఈ పాఠంలో అన్నింటికంటే కష్టమైన చోటికి వస్తాను. చివరి పేరా ఎప్పుడూ ‘అడవుల నరికివేత’. మనుషులు స్వార్థంతో అడవులను నరుకుతున్నారు అని ఉంటుంది. ఒక తండా బడిలో ఆ వాక్యం చదివించాను. ఐదో తరగతి పిల్లవాడు చదివి, కూర్చోకుండా నిలబడి అడిగాడు: “సార్, మా నాయిన అడవి కొట్టి చేను చేసిండు. మా నాయిన చెడ్డోడా?”

తరగతి నిశ్శబ్దమైపోయింది. ఆ తరగతిలో సగం మంది పోడు సాగుదార్ల పిల్లలు. 2006 అటవీ హక్కుల చట్టం కింద కొందరికి పట్టాలొచ్చాయి, కొందరికి రాలేదు. ఆ గొడవ పిల్లలు రోజూ ఇంట్లో వింటారు. అవునంటే తండ్రిని పిల్లవాడి ముందు దోషిని చేసినట్టు. కాదంటే పాఠం అబద్ధం.

నేను చెప్పింది ఇది. “మీ నాయిన జొన్న పండిస్తే నువ్వు తిని బడికి వచ్చినవ్ బిడ్డా. మంచోడా చెడ్డోడా అని మనం అడగొద్దు. చెట్టు పోయినంక నేల ఏమైతదో చూద్దాం.” రెండు ట్రేలు తెచ్చాం. ఒకదాంట్లో గడ్డి, ఆకులతో ఉన్న మట్టి. ఇంకోదాంట్లో ఒట్టి మట్టి. రెండింటినీ ఒకే వాలులో పెట్టి ఒకే డబ్బా నీళ్లు పోశాం. ఒకదాని కింద గ్లాసులోకి తేటగా, కొద్దికొద్దిగా వచ్చాయి. రెండోదాని కింద ఒక్కసారిగా ఎర్రటి బురద. ఆ బురద ఎక్కడికి పోతుందో పిల్లలకే తెలుసు. వాగులోకి, అక్కడి నుంచి 1922లో కట్టడం పూర్తయిన పోచారం చెరువులోకి.

తర్వాత అమెజాన్ లెక్క చెప్పాను. ఆ అడవిలో ఇప్పటికి సుమారు ఆరో వంతు పోయింది. అందులో ఎక్కువ భాగం పశువుల మేత మైదానాల కోసం, వందల ఎకరాలు, వేల ఎకరాలు ఒక్కరి చేతుల్లో. అక్కడ కూడా అడవిని నమ్ముకుని బతికే తెగలున్నాయి, వాళ్లే అడవిని కాపాడుతున్న చోట్లున్నాయి. మనం తినే బిస్కెట్లోని పామాయిల్ చాలావరకు ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. అక్కడ వర్షారణ్యం కొట్టి వేసిన తోటలున్నాయి. ‘మనుషులు’ అని ఒక్క మాటతో అందరినీ ఒకే గాట కట్టకూడదు. రెండెకరాల మనిషి వేరు, రెండు వేల ఎకరాల మనిషి వేరు, ప్యాకెట్ చింపి తినే మనమూ వేరు. కానీ వాన మాత్రం అందరి నేలనూ ఒకేలాగ కోస్తుంది. ఈ రెండు సంగతులూ పదేళ్ల పిల్లవాడికి అర్థమవుతాయి. అర్థమవుతాయని నమ్మి చెప్పాలి.

నాలుగు రోజుల తర్వాత ఆ పిల్లవాడి తండ్రి బడికి వచ్చాడు. గొడవకు వచ్చాడేమో అనుకున్నారు మా తోటి టీచర్. ఆయన అరుగు మీద కూర్చుని, “సార్, పోరడు ట్రేలు పెట్టి ఇంట్ల నీళ్లు పోసి చూపించిండు” అన్నాడు. కాసేపు ఆగి, “చేన్ల ఇప్పచెట్లు రెండున్నయి. మా తాత ముట్టలే, మా నాయిన ముట్టలే, నేనూ ముట్టలే. గది గూడ పిల్లలకు చెప్పుండ్రి” అన్నాడు. మరుసటి రోజు చెప్పాను. ఆయన పేరు పెట్టే చెప్పాను. ఆ పిల్లవాడు ముందు బెంచీలో కూర్చుని విన్నాడు.

గురువుల సమక్షంలో చెబుతున్నాను కాబట్టి ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. మాకు ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. ల్యాబు లేదు. ఈ పాఠానికి అయిన ఖర్చంతా దారం, సంచి, పెసర్లు, పాత చీరలు. కాబట్టి ఈ వేదిక మీద నుంచి మిమ్మల్ని డబ్బు అడగడం లేదు. వేరేది అడుగుతున్నాను. మన సంఘం సభ్యులు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. మస్కట్‌లో ఉన్నారు, బెంగళూరులో ఉన్నారు, అమెరికాలో ఉన్నారు. పడమటి కనుమలకో, అండమాన్‌కో విహారానికి వెళ్లినవాళ్లూ ఉంటారు. మీరున్న ఊరిలో ఏడాదికి ఎంత వాన పడుతుందో, ఏ నెలల్లో పడుతుందో ఒక పోస్టుకార్డు మీద రాసి పంపండి. కిటికీలోంచి కనిపించే చెట్టు పేరు రాయండి, అది ఆకు రాలుస్తుందో లేదో రాయండి. మీ కార్డు ఒక దారమై మా బడి గోడ ఎక్కుతుంది. పిల్లలు దాన్ని మన మీటరు దారం పక్కన పెట్టి చూసుకుంటారు.

సాయంత్రం తిరిగి వెళ్లేటప్పుడు లింగంపేట దారిలో ఒకచోట బండి ఆపండి. పిల్లలను వెంట తెచ్చినవాళ్లు తప్పకుండా ఆపండి. ఏ నెలైనా సరే, ఆకులున్నా లేకున్నా, అది అడవి అని వాళ్లకు చెప్పండి.